ఒంటిగొంతు

మానవునకు గల భయములలో కొన్నింటికి కారణము చెప్పుట సులభము. పామును జూచి వెనుకకు దుముకువానిని గాని, తుపాను హోరు విని పడవను ఒడ్డునకు లాగికొనువానిని గాని మనము పిరికివాడనము. కాని ప్రతిదినము తనతో నొకే బల్లపై గూర్చుండు చెలుల యెదుట, తనకు చదువు చెప్పు గురువుల యెదుట నిలువబడి, చిన్ననాటినుండి కంఠస్థమైన పాటలో నాలుగు పంక్తులు ఒంటరిగా పాడవలసివచ్చినప్పుడు మోకాళ్లు వణకుట యేల? నలువదిమందితో గలిసి పాడునప్పుడు లేని భయము, తక్కినవారు నోరు మూసికొనినంతనే యెచ్చటనుండి వచ్చును? ఈ ప్రశ్న మాకు పుస్తకములనుండి పుట్టినది కాదు. గత క్రిస్మసు ఆరాధనలో ఏకగానము చేయుటకు గాయకబృందమునుండి ఒకరిని ఏర్చు సందర్భమున పుట్టినది.

మేము అని వ్రాయుచున్నాము గనుక మేమెవ్వరమో ముందుగా చెప్పుట న్యాయము. మేము పదవ తరగతి చదువుచు, బోర్డింగులో నొకే గదిలో నుండు ఆర్గురు బాలికలము. మా పాఠశాల నెల్లూరికిని సముద్రమునకును నడుమ నున్నది. తూర్పుగాలి వీచు రాత్రులయందు దీపము లార్పిన పిమ్మట అలల చప్పుడు సన్నగా వినబడును. ఈ వ్యాసమును మాలో ఒకతె వ్రాయుచుండగా తక్కినవారు భుజముపైనుండి తొంగిచూచి కొట్టివేయించిన వాక్యములు, నిలిచిన వాక్యములకంటె హెచ్చు.

మన క్రైస్తవ కీర్తనల పుస్తకమున కీర్తనలపైన రాగతాళములు ముద్రింపబడి యుండుట చదువరు లెరుగుదురు. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) మొదలైనవారు మన దేశపు సంగీతరీతిలోనే పల్లవియు చరణములును గూర్చి పాటలు రచించినందున, హార్మోనియముతో పాటు చేతితాళము కూడ మా బృందగానమునకు అలవాటైనది. ఈ యేడు మా పాటల పంతులమ్మగారు శంకరాభరణ రాగములోని యొక కీర్తనను ఎన్నుకొనిరి. పల్లవి అందరును పాడవలెను. మూడవ చరణము మాత్రము ఒక్కరే పాడవలెను. ఆ చరణములో గొంతు పైషడ్జమము నందుకొని అచ్చట కొంతసేపు నిలువవలెను. "ఇష్టమున్నవారు ఈ కాగితముపై పేర్లు వ్రాయుడు. పదునైదు దినములైన పిదప ఒక్కొక్కరిని పిలిచి వినెదను" అని ఆమె చెప్పిరి.

మాలో అయిదుగురము ఆ సాయంకాలమే పేర్లు వ్రాసితిమి. ఆరవ పిల్ల వ్రాయలేదు. చిత్రమేమన, మా ఆర్గురిలో మంచి గొంతు గలది ఆమెయే. ఆమెది మైపాడు వైపున సముద్రపుటొడ్డున నున్న పల్లె. తండ్రి చేపలవేటకు పోవును. తొమ్మిదవ తరగతిలో నుండగా ఒక కూటమిలో ఆమె యొంటరిగా పాడుటకు లేచెను. మొదటి పంక్తి బాగుగనే వచ్చినది. రెండవ పంక్తిలో గొంతు పట్టుకొనినది, మాటలు మాసిపోయినవి, ఆమె కూర్చుండినది. ఎవ్వరును నవ్వలేదు. "నవ్వినా బాగుండేది, అందరూ జాలిపడ్డారు" అని ఆమె తరువాత మాతో ననెను. అది మొదలు ఆమె గుంపులోనే పాడుచుండెను, అదియు వెనుకవరుసలో. ఇప్పుడు మాకిది పాఠశాలలో కడపటి సంవత్సరము. మార్చి దాటినచో ఆమెను పైచదువునకు పంపుదురో, ఇంటనే యుంచుకొందురో తెలియదు. తండ్రి ఒక్కసారియైనను ఆమె యొంటరిపాట వినియుండలేదు. ఈ రెండు సంగతులును కలిసి మాకు నిదుర పట్టనీయలేదు.

మేము మొదట మా తెలుగు పండితులవారి యొద్దకు పోయితిమి. వారు సంగతి విని చిరునవ్వు నవ్వి, "అమ్మాయిలారా, ఇది క్రొత్త రోగము కాదు. భరతముని నాట్యశాస్త్రములో దీనికి పేర్లు గూడ పెట్టినాడు" అని యెనిమిది సాత్త్వికభావములను పలకపై వ్రాసిరి: స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభంగము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. కొయ్యబారుట, చెమట పట్టుట, వెంట్రుకలు నిక్కుట, గొంతు మారుట, వణకుట, మొగము రంగు పోవుట, కన్నీరు వచ్చుట, తెలివి తప్పుట. చదువుచున్నకొలది మాకు ఆశ్చర్యము కలిగినది. కూటమిలో మా చెలికి కలిగినవి వీనిలో అయిదింటికి తక్కువ గావు! ఆ మహర్షి గాయకుల పరీక్షకు వచ్చి గోడప్రక్కన గూర్చుండి వ్రాసికొనినట్లున్నదని మాలో ఒకతె యనగా పండితులవారు గూడ నవ్విరి.

పిమ్మట వారే మరియొక మాట చెప్పిరి. నెల్లూరివారమై ఉత్తరకుమారుని మరువరాదనిరి. పదమూడవ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి కొలువులో నుండిన తిక్కన సోమయాజి మహాభారతాంధ్రీకరణమును విరాటపర్వముతోనే యారంభించెను గదా! ఆ పర్వములో ఉత్తరుడు అంతఃపురపు స్త్రీల యెదుట ఎన్నియో ప్రగల్భములు పలికి, కౌరవసేనను కన్నులార జూచినంతనే రథము దుమికి పరుగెత్తును. వానిని పట్టి తెచ్చిన దెవరు? బృహన్నల, అనగా ఆ రాజగృహమున పాటయు నాట్యమును నేర్పు గురువు. బృహన్నల ధైర్యవచనములు చెప్పుటతోనే ఊరకుండలేదు. పగ్గములు వాని చేతికిచ్చి రథము తోలుమనెను. ఉత్తరుని భయము ఆ క్షణమున పోయెనని మేమనుకొనము. కాని చేతులకు పని దొరికినది, గుర్రములు ముందుకు పోయినవి. ఈ కథను చిన్నతరగతులనుండి నవ్వుకొనుటకే చదివిన మాకు, ఆ సాయంకాలము ఉత్తరునిపై మొదటిసారి జాలి కలిగెను.

సైన్సు మాష్టరుగారు సంగ్రహముగ చెప్పిరి. భయము కలిగినప్పుడు మూత్రపిండములపై నున్న గ్రంథులు ఆడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి విడుచును. గుండె వేగము హెచ్చును, నోరు ఎండును, ఊపిరి రొమ్ముపైభాగమున నిలిచిపోవును. స్త్రీల గొంతులోని స్వరతంత్రులు మాటలాడునప్పుడే సెకనుకు దాదాపు 200 సార్లు కదలును గనుక, వానిని బిగించు చిన్నకండరములు ఏమాత్రము వణకినను చెవికి తెలియును. చేయి వణకిన దాచుకొనవచ్చును, గొంతు వణకిన దాచుట కష్టము. మరియు వారు 2014లో ఎలిసన్ వుడ్ బ్రూక్స్ అను అమెరికా విదుషి ప్రకటించిన పరిశోధనను గూర్చి చెప్పిరి. ఆమె కొందరిని పరులయెదుట పాడించి, వారి స్వరశుద్ధిని యంత్రముతో కొలిపించెను. పాడుటకు ముందు "నాకు ఆందోళనగా నున్నది" అని పలికినవారికి నూటికి 53 పాళ్లును, ఏమియు పలుకనివారికి 69 పాళ్లును, "నాకు ఉత్సాహముగా నున్నది" అని పలికినవారికి 80 పాళ్లును వచ్చినవట. అట్లు పలికినందువలన గుండెదడ తగ్గలేదు. దాని పేరు మాత్రము మారినది. ఈ మాట మా చెలికి చెప్పగా ఆమె, "అబద్ధమాడితే గొంతు బాగుపడుతుందా?" అనెను. మేము జవాబు చెప్పలేకపోతిమి. ఇట్టి లెక్కలు నిజములే యైనను, అన్ని మనసులకు నొకే ఉపాయము సరిపడదని మా యభిప్రాయము.

ఆమె మనసును కొంత కదిలించినది గ్రంథాలయములో మాకు దొరికిన మేరియన్ ఆండర్సన్ జీవితకథ. ఈమె 1897లో ఫిలడెల్ఫియా నగరమున పుట్టిన నల్లజాతి గాయని. ఆరేండ్ల ప్రాయమునుండి తమ బాప్టిస్టు సంఘపు బాలగాయకబృందములో పాడుచు, ఎవరు రాకపోయినను వారి భాగమును తాను పాడగలుగునంత నేర్చుకొనినది. పెద్దదై ఐరోపా ఖండమంతట కీర్తి గాంచిన పిదపకూడ, వర్ణభేదముచే వాషింగ్టను నగరములోని యొక గొప్ప మందిరమున ఆమెను పాడనీయలేదు. అందుచే 1939 ఏప్రిల్ 9వ తేదీన, ఈస్టరు ఆదివారమున, లింకను స్మారకమందిరపు మెట్లపై ఆరుబయట పాడెను. వినవచ్చినవారు దాదాపు 75,000 మంది. పాట మొదలిడబోవు క్షణమున తనకు బాగుగ తెలిసిన మాటలే రావేమోయని తోచినదని ఆమె తన యాత్మకథలో చెప్పుకొనినది. అంతటి గాయనికి!

ఆ దినమున ఆమె మొదట పాడిన దేశభక్తిగీతమును 1831లో రచించినవారు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ గారు. నెల్లూరి మిషనును మూసివేయవలెనా యని 1853లో అమెరికాలో తర్జనభర్జన జరిగినప్పుడు, పటములో నొంటరిగా నున్న ఈ నెల్లూరిని 'ఒంటి నక్షత్రము' అని కొనియాడుచు పద్యములు వ్రాసినవారును వారే. ఆ గీతములో 'నేను పాడుదును' అను నర్థమిచ్చుచోట మేరియన్ ఆండర్సన్ 'మేము పాడుదుము' అని మార్చి పాడినది. తన్ను గూర్చి మాటలాడునప్పుడు గూడ ఆమె 'నేను' అనక 'మేము' అనుట వాడుక. ఎవ్వరును ఏ పనినైనను ఒంటరిగా చేయజాలరని ఆమె తలంపు. మా చెలి ఈ భాగమును రెండుసార్లు చదివి, పుస్తకమును దిండు క్రింద పెట్టుకొని పరుండెను. మరునాటి యుదయము చూడగా కాగితముపై ఆరవ పేరు వ్రాయబడి యున్నది. పెన్సిలుతో వ్రాసినది, తుడుచుటకు వీలుండవలెను గదా!

పరీక్షకు ముందటి శనివారమున మేమార్గురమును అనుజ్ఞ పొంది ఆమె పల్లెకు పోయితిమి. ఆ వేళకు ఒడ్డున పెద్దవల లాగుచుండిరి. వల రెండుకొసల తాళ్లను రెండు గుంపులు పట్టుకొని యిసుకలో వెనుకకు నడచుచుండ, ఒక్కడు ముందు పలుకును, తక్కినవారు దానికి బదులు పలికి ఒక్కసారిగ లాగుదురు. ఆ ముందు పలుకు పలుకుచున్నవాడు మా చెలి తండ్రి. ఆయన గొంతు సొంపైనది కాదు, కొంచెము బొంగురు. కాని అలల హోరు మీదుగా అవతలి గుంపువరకు స్పష్టముగ పోవుచుండెను. అంతమందిలో నొంటరిగా గొంతెత్తుచున్నానని ఆయనకు తోచినట్లే లేదు. వల యొడ్డున పడి, చేపలు గంపలకెక్కిన తరువాత మాలో ఒకతె చనువు చేసికొని యడిగెను: "మామా, అందరికన్న ముందు నీ వొక్కడివే అరుస్తావు గదా, గొంతు తప్పుతుందేమోనని భయముండదా?" ఆయనకు ప్రశ్న అర్థమగుటకు కొంతసేపు పట్టెను. "గొంతు సంగతి నాకెందుకమ్మా? నేను తాడు చూస్తా. తాడు వదులైతే పలకాలి, బిగిస్తే ఆగాలి. గొంతు చూసుకుంటా కూచుంటే వల పోతుంది" అనెను. మా చెలి తలవంచుకొని యిసుకను కాలివ్రేలితో గీయుచుండెను. తాను పాడబోవు సంగతి తండ్రికి చెప్పవద్దని మాచేత ముందే ఒట్టు పెట్టించుకొనినది.

తిరిగివచ్చునప్పుడు బస్సులో మేము తర్కించిన దంతయు ఒక్క విషయమే: ఆ చరణములో ఆమెకు తాడేది? రాగమందుమా, రాగమును తలచినకొలది పైషడ్జము గుర్తువచ్చి భయము హెచ్చును. వినువారి మొగములందుమా, అవియే గదా తొలి శత్రువులు. తుదకు తాళము అని నిశ్చయించితిమి. కుడిచేతితో తొడపై ఆదితాళము వేయుచు, ఎనిమిది దెబ్బలలో ప్రతి మాటయు ఎచ్చట దిగునో దానినే గమనించుట. అది మొదలు మా గది యొక చిన్న సంగీతశాల యైనది. మొదటి రాత్రి మేము గోడవైపు తిరిగి కూర్చుండగా ఆమె పాడెను. రెండవ రాత్రి ఆమెవైపు తిరిగితిమి. తరువాత భోజనశాలలో కంచముల చప్పుడు నడుమ పాడించితిమి. అటుపిమ్మట ఆరవ తరగతి చిన్నపిల్లలను పిలిచి కూర్చుండబెట్టితిమి. వారికంటె కఠినులైన శ్రోతలు లోకమున లేరు. ఒకతె ఆవులించినది, ఒకతె నడుమ లేచి మంచినీళ్లకు పోయినది. ఆమె తాళము విడువలేదు. పంతులమ్మగారు కూడ ఒకనాడు తలుపువద్ద నిలిచి విని, "శ్రుతి అయిదు నీకు ఎక్కువ, నాలుగున్నరకు దించుకో" అని చెప్పిపోయిరి. అర శ్రుతి దింపుటచే భయము సగము దిగినదని చెప్పిన సంగీతజ్ఞులు నవ్వవచ్చును గాని, మా కనుభవమైనది అదియే. ఎక్కలేని మెట్టును చూచి వణకువానికి ఉపదేశముకంటె ఒక మెట్టు తగ్గించుట మేలు.

పరీక్షదినమున మేము అయిదుగురము ముందు పాడి వచ్చితిమి. మా పాటలను గూర్చి చెప్పదగిన దేమియు లేదు. ఒకతెకు ఎక్కిళ్లు పట్టుకొన్నవని మాత్రము చెప్పిన చాలును. ఆమెది కడపటి వంతు. వసారాలో కిటికీ క్రింద మేము చేరితిమి. "శ్రుతి యెంత?" అని పంతులమ్మగారి గొంతు. "నాలుగున్నర, అమ్మగారూ." హార్మోనియము పలికెను. మొదటి పంక్తి యెత్తుకొనగనే వణకు వినవచ్చెను. పండితులవారు చెప్పిన స్వరభంగమును వేపథువును రెండును అందులో నుండెను. మేము ఒకరి చేయి నొకరు గట్టిగ పట్టుకొంటిమి. రెండవ పంక్తి వచ్చినది. గత సంవత్సరము ఆగిన దిచ్చటనే. అప్పుడు కిటికీలోనుండి ఇంకొక చప్పుడు మాకు వినబడెను: తొడపై చేతిదెబ్బ, మెల్లగ, తప్పక. పాట సాగెను. మూడవ పంక్తికి వణకు తగ్గెను గాని పోలేదు. పైషడ్జము వెంట్రుకవాసి తక్కువగ పలికి, అచ్చటనే నిలిచెను. నాలుగవ పంక్తి ముగిసి, హార్మోనియము కూడ ఆగెను.

ఆమె వెలుపలికి వచ్చి, "వణికింది" అనెను.

"విన్నాము" అంటిమి.

"వణుకుతూనే పోయింది" అని, ఒక చెంబెడు నీళ్లు త్రాగెను.

మరునాడు ఫలితము తెలిసెను. ఏకగానము మా ఆర్గురిలో ఎవ్వరికిని రాలేదు. తొమ్మిదవ తరగతి బాలిక యొకతెకు వచ్చినది. ఆ పిల్ల పైస్థాయి గంట కొట్టినట్లుండును. తీర్పు న్యాయమైనదేయని మా ఆర్గురి యభిప్రాయము, మా చెలి యభిప్రాయము అందరికంటె ముందు. ఆమె అలుగలేదు, ఏడువలేదు. తిన్నగ పంతులమ్మగారి యొద్దకు పోయి, "అమ్మగారూ, నా పాటలో ఏమి దిద్దుకోవాలి?" అని యడిగెను. గత సంవత్సరము ఆ గదివైపు చూచుటకైన ఆమె యిష్టపడియుండదు. "ఊపిరి మొదటి పంక్తిలోనే ఖర్చు చేస్తున్నావు. మూడవ పంక్తికి మిగుల్చుకో" అని పంతులమ్మగారు చెప్పిరి.

మా నెల్లూరిలో పెరిగిన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారికి గూడ ఇట్టి యనుభవము కలదు. హరికథలు చెప్పు సాంబమూర్తిగారి కుమారుడైన ఆయన, 1966 డిసెంబరులో తన తొలి సినిమాపాటను పి. సుశీల వంటి పేరుపొందిన గాయకుల నడుమ నిలిచి పాడెను. తమిళమున పాడుటకై సంగీతదర్శకులు ఎం. ఎస్. విశ్వనాథన్ గారి యొద్దకు పోగా, గొంతు బాగున్నది గాని భాష చక్కబరచుకొని రమ్మని వారు పంపిరి. ఆయన భాష నేర్చుకొని మరల పోయెను. 1969 నాటికి తమిళదేశము ఆయన పాటను పాడుకొనుచుండెను. 2020 సెప్టెంబరు 25న ఆయన గతించునాటికి పాడిన పాటలు వేలకొలది. ఈ సంగతి చెప్పి మా చెలిని ఓదార్పవలెనని మేము గుమిగూడి పోయితిమి గాని, ఆమె అప్పటికే వసారాలో గూర్చుండి ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కించుచుండెను. ఓదార్పు మిగిలిపోయినందున ఈ వ్యాసములో చేర్చితిమి.

క్రిస్మసు ఆరాధనకు ఆమె తల్లిదండ్రులు వచ్చిరి. వెనుకచాపపై గూర్చుండి పాటలన్నియు వినిరి. తొమ్మిదవ తరగతి పిల్ల మూడవ చరణమును మిక్కిలి మనోహరముగ పాడెను. ఆరాధన ముగిసి సెలవులకు పోవునప్పుడు తండ్రి, "అంతమందిలో నీ గొంతు ఏదో తెలియలేదే అమ్మా" అనెనట. తరువాత జరిగినది ఆమె సెలవులనుండి తిరిగివచ్చి మాకు చెప్పినది. ఆ సాయంకాలము ఒడ్డున పడవప్రక్కన, తల్లియు తండ్రియు చిన్నతమ్ముడును వినుచుండగా, ఆమె సముద్రమువైపు తిరిగి మూడవ చరణమును ఆద్యంతము పాడెనట. హార్మోనియము లేదు, కిటికీ క్రింద మేమును లేము. "వణికిందా?" అని మేమడిగితిమి. "వణికింది" అని యొప్పుకొనెను. "మీ నాయన ఏమన్నాడు?" అంటిమి.

ఆయన కొంతసేపు ఊరకుండి, "గాలికి ఎదురుగా పాడుతున్నావు, మాట వెనక్కి కొడుతోంది. ఇటు తిరిగి, గాలికి వీపు పెట్టి మళ్లీ పాడు" అనెనట. ఆమె తిరిగి నిలిచి మరల పాడెను.